మిగతా ఐదో పేజీలో

మా నాన్న పది రోజులు వెల్లకిలా పడుకుని తల అటూ ఇటూ తిప్పకుండా ఉండాలని కంటి డాక్టరు చెప్పినప్పుడు నాకు నవ్వొచ్చింది. ఆయన చాలా గొప్ప డాక్టరే కావచ్చు, కాదనను. కానీ మా నాన్న సంగతి ఆయనకేం తెలుసు? పెళ్ళినాడు ఫొటో కోసం ఒక్క నిమిషం నిలబడమంటే నిలబడని మనిషి. ఆ ఫొటో ఇప్పటికీ మా ఇంట్లో ఉంది. అందులో అమ్మ పక్కన పొగలాంటిది ఒకటి కనిపిస్తుంది, అదే నాన్న.

నా నవ్వు చూసి డాక్టరు అసలు మాట చెప్పాడు. కంటి లోపల గోడకు అతుక్కుని ఉండాల్సిన పొర ఊడి వచ్చిందట. దాన్ని మళ్ళీ అంటించి పెట్టాడట. అది బాగా అతుక్కునేదాకా తల కదిలితే మళ్ళీ ఊడుతుందట. రెండోసారి అంటించడం తన వల్ల కాదని తేల్చేశాడు. నాన్నకు ఎడమ కన్ను చిన్నప్పుడే దెబ్బ తగిలి పోయింది. ఉన్నది ఈ ఒక్క కన్నే. ఇది కూడా పోతే ఇక చీకటే. నా నవ్వు ఎటు పోయిందో తెలియదు.

ఆ ఒక్క కంటితోనే నాన్న ఒక దినపత్రికలో ముప్పై నాలుగేళ్ళు ప్రూఫ్‌రీడరుగా పనిచేశాడు. నేను ఆయన దగ్గర కాపీ హోల్డరును. అంటే, ప్రూఫు గదిలో ఒక బల్లకు అటొకరు ఇటొకరు కూర్చుంటాం. నేను రాతప్రతిని పైకి చదువుతాను. ఆయన అచ్చుకాగితం మీద వేలు పెట్టుకుని, నేను చదివింది అక్కడ ఉందో లేదో చూస్తాడు. కామా వస్తే కామా అనాలి, ఫుల్‌స్టాప్ వస్తే ఫుల్‌స్టాప్ అనాలి. గొంతు పెంచకూడదు, తగ్గించకూడదు. చావు వార్తయినా పెళ్ళి వార్తయినా ఒకటే గొంతు. ఆయన రిటైరయ్యాక కూడా నేను అదే గదిలో ఇంకొకరికి చదువుతున్నాను. ఆఫీసులో పది రోజులు సెలవు పెట్టి ఆసుపత్రికి వచ్చాను.

ఆ గదిలో రెండు మంచాలు. నాన్న తలకు అటొకటి ఇటొకటి ఇసుక సంచులు పెట్టారు. రెండు కళ్ళకూ కట్టు కట్టారు. పక్క మంచం మీద రిటైరైన బస్సు కండక్టరు ఉన్నాడు. ఆయనది శుక్లం, ఆయన కళ్ళకూ కట్టే, కానీ లేచి కూర్చునే యోగం ఆయనకు అప్పటికే పట్టింది. "గుడ్డి కన్నా మెల్ల మేలమ్మా, నాకు ఏదో ఒకటి కనిపిస్తే చాలు" అని రోజుకు నాలుగుసార్లు అనేవాడు.

మొదటి రోజు పొద్దున నాన్న పేపరు చదవమన్నాడు. నేను బుద్ధిలేనిదాన్ని, ఆ రోజు పేపరే తెచ్చి చదివాను. మొదటి పేజీలో వంతెన ప్రారంభమైన తేదీ తప్పుగా వేశారు. అంతే. "ఈ ప్రూఫు చూసిన వెధవ ఎవడు?" అని నాన్న తల పైకెత్తాడు. అంగుళం లేచి ఉంటుంది. పెద్ద నర్సు ఎక్కడినుంచి వచ్చిందో వచ్చి, రెండు చేతులతో ఆ తలను పట్టుకుని దిండు మీద పెట్టింది. డాక్టరు వచ్చి చూసేదాకా నా ప్రాణాలు నా దగ్గర లేవు. అదృష్టం బాగుండి ఏమీ కాలేదు. ఆ రోజు నుంచి ఆ గదిలోకి పేపరు రాకూడదన్నాడు డాక్టరు.

పేపరు లేకపోతే నాన్న కాలుగాలిన పిల్లి. తల కదలకపోయినా కాళ్ళు తంతున్నాడు, దుప్పటి లాగుతున్నాడు, గంటకోసారి టైమెంతని అడుగుతున్నాడు. మధ్యాహ్నానికి పెద్ద నర్సుకు జాలి కలిగిందో విసుగు పుట్టిందో, స్టోరు గదిలోంచి పాత కాగితాల కట్ట ఒకటి తెచ్చి నా ఒళ్ళో పడేసింది. సొరుగుల అడుగున పరవడానికి దాచిన పేపర్లట. పాతికేళ్ళ కిందటివి, యుద్ధం అయిపోయిన కొత్తల్లోవి. వీటి మీద కోపం తెచ్చుకునేవాళ్ళు ఎవరూ మిగల్లేదు, నిశ్చింతగా చదువుకోమంది.

అవి మా పత్రికవే. ఆశగా మొదటిది విప్పాను. "సైన్యం వద్ద మిగిలిన నలభై వేల ఈలలు వేలం" అని పెద్ద అక్షరాలు. కింద నాలుగు వాక్యాలు, ఆ తర్వాత "మిగతా ఐదో పేజీలో" అని ఉంది. నాన్న ఐదో పేజీ తియ్యమన్నాడు. తీద్దామంటే ఉంటే కదా? సొరుగుల కొలతకు సరిపోయేలా ఆ పేపర్లన్నిటినీ సగానికి కోసేశారు. ఐదో పేజీ ఏ సొరుగులో ఎవరి మందుసీసాల కింద ఉందో. లేదన్నాను. సరిగ్గా చూడమన్నాడు. కోసేశారు నాన్నా అన్నాను. ముప్పై నాలుగేళ్ళలో ఒక్క వార్తను కూడా సగంలో వదలని మనిషి ఊరుకుంటాడా? ఇటివ్వు నేను చూస్తానంటూ కళ్ళకు కట్టుతోనే చెయ్యి చాచాడు. చెయ్యి వెంట భుజం లేచింది. భుజం వెంట తల లేస్తుందని నాకు తెలుసు.

"దొరికింది నాన్నా, ఉంది, పడుకో" అన్నాను. అన్నాక ఇక తప్పుతుందా? ఎదురుగా ఉన్న గోడను చూస్తూ ఐదో పేజీ చదవడం మొదలుపెట్టాను.

ఆ ఈలలను ఒక డ్రిల్లు మాస్టారు కొన్నాడని చెప్పాను. ఆయనకు కావలసింది నలభై ఈలలే. వేలంపాటలో ఎవరూ పోటీకి రాకపోయేసరికి ఆవేశపడి మొత్తం పాడేశాడు. నాలుగు బండ్ల ఈలలు ఇంటికి వచ్చాయి. భార్య గుమ్మంలో నిలబడి, ఇంట్లో ఉంటే నేనైనా ఉండాలి, ఈలలైనా ఉండాలి అంది. పాపం ఆయన ఊళ్ళో ఇంటికి పదేసి చొప్పున పంచిపెట్టాడు. అంతటితో ఊరు చెడింది. భార్యాభర్తలు మాటలు మానేసి ఈలలతో పోట్లాడుకున్నారు. స్టేషన్లో ఎవరో ఒకరు ఊదినప్పుడల్లా గార్డే ఊదాడనుకుని డ్రైవరు రైలు కదిపేసేవాడు. అలా ఒకే రోజున పదకొండు రైళ్ళు వేళకన్నా ముందే బయల్దేరాయి. రైల్వే చరిత్రలో రైళ్ళన్నీ ముందుగా చేరిన రోజు అదొక్కటే. కానీ వాటిలో ఎక్కినవాళ్ళు లేరు.

కండక్టరు మంచం ఊగిపోయేలా నవ్వాడు. డిపోలో తనకూ ఒక ఈల ఉండేదని, అది ఎవరు ఊదినా తన డ్రైవరు కూడా ఇలాగే బస్సు కదిపేసేవాడని చెప్పుకొచ్చాడు. నాన్న మాత్రం "ఊఁ, తర్వాత?" అన్నాడు. ఆ సాయంత్రం దాకా తల కదపలేదు. హమ్మయ్య అనుకున్నాను.

మర్నాడు "మేజోళ్ళ కోసం మూడు మైళ్ళ క్యూ" అన్న శీర్షిక దొరికింది. నాకూ హుషారు వచ్చింది. దుకాణంలో సరుకు మొదటి గంటలోనే అయిపోయిందని, ఆ మాట చెప్పే ధైర్యం లేక యజమాని కూడా వెనక తలుపులోంచి వచ్చి క్యూలో నిలబడ్డాడని చెప్పాను. క్యూలో ముందున్నవాడు ఒక దర్జీ. చివర ఉన్నవాళ్ళకు అది దేని కోసమో కూడా తెలియదు, ఇంతమంది నిలబడ్డారంటే మంచిదే అయి ఉంటుందని నిలబడ్డారు. వారం గడిచింది. రెండో మైలు దగ్గర ఒక పెళ్ళి కుదిరింది. పిల్లవైపు వాళ్ళు క్యూలో ముందు, పిల్లాడివైపు వాళ్ళు వెనక. వియ్యపురాలు తన చోటు వదలనంది. పిల్లాడే ముందుకు నడిచి రావాలన్నారు. అలా వస్తుంటే దారి పొడుగునా జనం, క్యూ తప్పుతున్నాడని చొక్కా పట్టుకుని...

అక్కడ నాన్న పొట్ట అదిరింది. ముందు పొట్ట, తర్వాత ఛాతీ. ఆ నవ్వు గొంతుదాకా వచ్చి ఇసుక సంచులు కదిలాయి. పెద్ద నర్సు పరుగెత్తుకొచ్చింది, డాక్టరుకు కబురు వెళ్ళింది. ఆయన గది చీకటి చేసి, కట్టు విప్పి, దీపం పెట్టి చూసి, పొర ఇంకా పట్టుకునే ఉందన్నాడు. నవ్వినా కదిలినట్టేనని, ఈ కన్ను నిలబడాలంటే నన్ను గదిలోంచి పంపెయ్యమని పెద్ద నర్సుతో అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. పేపరు చదివితే కోపం, కథ చెబితే నవ్వు, ఊరుకుంటే చిరాకు. ఈ మనిషిని కన్న మా నాయనమ్మ ఎలా పెంచిందో ఆవిడకే తెలియాలి. కోపమంతా పైకే. లోపలంతా భయమే. నా నోటి దురదవల్ల మా నాన్న కన్ను పోయి ఉండేది.

ఒక రోజంతా వరండాలో బెంచీ మీద కూర్చున్నాను. మూడో రోజు మధ్యాహ్నం లోపలినుంచి నాన్న గొంతు వినిపించింది.

"ఒక్కసారి లేచి కూర్చుంటానమ్మా. కన్ను పోతే పోనీ. ఇలా ఉత్తినే పడి ఉండటం నా వల్ల కావడం లేదు."

ఆ "పోనీ" అన్నమాట విని బెంచీ మీంచి లేచాను. మా నాన్న నోటినుంచి ఆ మాట నేనెప్పుడూ వినలేదు. ఒక కామా పోతే పోనీ అనని మనిషి, కన్ను పోతే పోనీ అంటున్నాడు. పెద్ద నర్సు బయటికొచ్చింది. ఆవిడ ముఖంలో గద్దింపు లేదు. "ఇంకో గంట ఆగడు. నవ్వించకుండా ఏమైనా చెప్పగలవా?" అని అడిగింది.

చెప్పలేనని అనబోయాను. అప్పుడు గుర్తొచ్చింది, ప్రూఫు గదిలో నాన్న నవ్వగా నేనెన్నడూ చూడలేదు. ఒకసారి చనిపోయిన పెద్దమనిషి వార్త పక్కన బహుమతి గెలుచుకున్న గేదె ఫొటో పడింది. గదంతా పొట్ట పట్టుకుని దొర్లుతుంటే నాన్న ఎర్ర సిరాతో ఒక గీత గీసి, "తర్వాతది" అన్నాడు. పనిలో ఉన్న నాన్నను నవ్వించడం ఆ దేవుడి తరం కూడా కాదు.

లోపలికి వెళ్ళి కుర్చీ మంచం దగ్గరికి లాక్కున్నాను. కాగితాలు మోకాళ్ళ మీద పెట్టుకుని, నా ఆఫీసు గొంతుతో మొదలుపెట్టాను.

"శీర్షిక. రెండు కాలమ్‌లు. క్యూలో పెళ్ళి, కామా, పిల్లాడి చొక్కా చిరిగింది, ఫుల్‌స్టాప్. కొత్త పేరా."

నాన్న కాళ్ళు ఆగిపోయాయి. దుప్పటి మీద కుడిచేతి చూపుడువేలు మెల్లగా కదలడం మొదలుపెట్టింది. ఎడమ నుంచి కుడికి పోతోంది, లైను చివర ఆగుతోంది, మళ్ళీ వెనక్కి వస్తోంది. తల మాత్రం రాయిలా ఉంది. పెళ్ళికొడుకు రెండు మైళ్ళూ నడిచి, పెళ్ళికూతురి చోటు దాటి వెళ్ళిపోయి దర్జీ వెనక నిలబడ్డాడు, ఫుల్‌స్టాప్. ఎందుకు నిలబడ్డావని అడిగితే, కామా, చొక్కా కుట్టించుకోవడానికి అన్నాడు, ఫుల్‌స్టాప్. కండక్టరు దిండు నోట్లో కుక్కుకున్నాడు. పెద్ద నర్సు గోడవైపు తిరిగి నిలబడింది, ఆవిడ భుజాలు అదురుతున్నాయి. నాన్న పెదవి కూడా కదపలేదు. "ఊఁ" అన్నాడు.

అలా ప్రతిరోజూ పొద్దున మూడు గంటలు, మధ్యాహ్నం మూడు గంటలు మా ప్రూఫు గది ఆ మంచం దగ్గర నడిచింది. సాయంత్రం ఇంటికి పోయేటప్పుడు దారి పొడుగునా మర్నాటి ఐదో పేజీ అల్లుకునేదాన్ని. మా ఆయన, నాలో నేనే మాట్లాడుకుంటున్నానని భయపడ్డాడు. భయపడితే భయపడనీ అనుకున్నాను.

ఆరో రోజున కండక్టరు అడిగాడని మళ్ళీ క్యూ వార్తకు వెళ్ళాను. రెండు పేరాలు అయ్యాక నాన్న వేలు టక్కున ఆగిపోయింది.

"ఆగు. క్యూలో ముందున్నది దర్జీ అన్నావు. ఇప్పుడు మంగలి అంటున్నావు."

దొరికిపోయాను. అచ్చుతప్పని చెబుదామనుకున్నాను. కానీ ఇన్నేళ్ళు ఆయన ముందు కూర్చున్నదాన్ని, నోరు రాలేదు. నీకు తెలుసా నాన్నా అన్నాను.

"పాతికేళ్ళ కిందట ఆ ప్రూఫు చూసింది ఎవరనుకున్నావే? ఆ ఈలలను ఆటల సంఘం వాళ్ళు కొన్నారు. అంతే వార్త." వేలు మళ్ళీ లైను మొదటికి జరిగింది. "అబద్ధమాడినా అతికినట్టుండాలి. దర్జీనే ఉంచు."

మొదటి రోజునుంచీ తెలుసట. తెలిసి కూడా పడుకున్నాడు. నాకు కోపం రావాలి నిజానికి. రాలేదు. దర్జీనే ఉంచాను.

అప్పటినుంచి పని ఇద్దరిదీ అయింది. ఏడో రోజు "సందేశాలు మోసిన పావురాలకు సైన్యం నుంచి విరమణ" అన్న వార్త వచ్చింది. పావురాలకు గింజలిచ్చారు, గూళ్ళిచ్చారు, హాయిగా ఉండమన్నారు, ఫుల్‌స్టాప్. అవి ఉండలేకపోయాయి, కామా, తెల్లారేసరికి వరుసగా ఆఫీసు కిటికీ దగ్గరికి వచ్చి నిలబడేవి, ఫుల్‌స్టాప్. అక్కడిదాకా చదివి నేను ఆగిపోయాను. ఎవరి సంగతి చదువుతున్నానో నాకు అప్పుడే తట్టింది. రిటైరైన మొదటి నెల నాన్న రోజూ పొద్దున నాతోపాటు ప్రెస్సు గేటు దాకా వచ్చి, ఏదో పని ఉన్నట్టు అటూ ఇటూ చూసి, తిరిగి ఇంటికి వెళ్ళేవాడు.

నేను ఏమీ అనకముందే నాన్న అందుకున్నాడు. కిటికీ తెరవకపోయేసరికి అవి ఊరి మీద పడ్డాయట. ఎవరింట్లో ఏ కాగితం దొరికితే అది కాలికి కట్టుకుని తోచిన ఇంటికి చేరవేశాయట. ఒకాయన తన తమ్ముణ్ణి తిడుతూ రాసిన ఉత్తరం ఊరవతల ఒంటరిగా ఉండే ముసలాయన కిటికీలో పడింది. పదేళ్ళుగా ఉత్తరమే రాని ఆ ముసలాయన అది చదువుకుని మురిసిపోయి, మీరు చెప్పింది నిజమే, ఇకమీదట బుద్ధిగా ఉంటానని జవాబు రాశాడు. ఆ జవాబు అందుకున్నాయన తమ్ముడు మారిపోయాడనుకుని పరుగున వెళ్ళి కౌగిలించుకున్నాడు. నాన్న ఇదంతా కామాలతో సహా చెప్పాడు. చివర, పావురాలకు పని దొరికింది, ఫుల్‌స్టాప్, అన్నాడు. కండక్టరు ఆ రోజు నవ్వలేదు. ముక్కు చీదుకున్నాడు.

తొమ్మిదో రోజు కట్టలో అడుగున ఒక్క కాగితం మిగిలింది. "నేటి నుంచి కిటికీలకు నల్ల తెరలు అక్కర్లేదు." విమానాల భయంతో యుద్ధం రోజుల్లో ఇళ్ళలోని వెలుతురు బయటికి పోనివ్వకూడదని తెరలు కట్టించేవారు కదా, వాటిని తీసెయ్యవచ్చని వార్త. రేపు కట్టు విప్పుతారనగా ఈ రోజు ఈ వార్త చదవాలంటే నాకు నోరు రాలేదు. ఆశ పెట్టుకుంటే ఎక్కడ దెబ్బ తగులుతుందోనని భయం. కాగితం మడిచేశాను. మడత చప్పుడు విన్నాడు, చదవమన్నాడు.

చదివాను. తెరలు తీసిన సాయంత్రం ఒక వీధిలో అందరూ దీపాలు వెలిగించి, కామా, ఇళ్ళు వదిలి రోడ్డు మీదికి వచ్చారు, ఫుల్‌స్టాప్. తమ ఇల్లు బయటినుంచి ఎలా ఉంటుందో మరిచిపోయారు కాబట్టి, కామా, చూసుకోవడానికి వచ్చారు, ఫుల్‌స్టాప్. పక్కింటి కిటికీలోంచి తమ కుర్చీలు కనిపించినవాళ్ళు కూడా ఆ పూట ఏమీ అనలేదు వాళ్ళ కళ్ళు...

"కామా మింగేశావు" అన్నాడు నాన్న.

"అనలేదు, కామా" అన్నాను. ఇక చదవలేకపోయాను. ఆయన చెయ్యి చాచి నా మోకాలు దొరికేదాకా వెతికి, దాని మీద రెండుసార్లు తట్టాడు. తల మాత్రం కదపలేదు.

పదో రోజు పొద్దున డాక్టరు వచ్చాడు. కిటికీలు మూయించి, ఒక్క మూల వెలుతురు ఉంచి, కట్టు విప్పాడు. ఎర్రగా వాచిన ఆ కన్ను రెప్పలు కొట్టుకుంది. డాక్టరు బారెడు దూరంలో నిలబడి వేళ్ళు చూపించి ఎన్నని అడిగాడు. నాన్న చాలాసేపు చూసి, తెలియడం లేదన్నాడు. ఇంకోసారి అడిగాడు. తెలియడం లేదన్నాడు. పక్క మంచం మీద కండక్టరు, ఆయన కట్టు అప్పటికే విప్పేశారు, తల దించుకున్నాడు.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "మా నాన్నకు కళ్ళజోడు లేకుండా బారెడు దూరంలో ఏనుగు నిలబడ్డా కనిపించదు. ఎప్పుడూ అంతే. ఆయన చూపు జానెడు దూరంలో ఉంటుంది. దగ్గరగా పెట్టి అడగండి" అని డాక్టరు మీద అరిచాను. ఆసుపత్రిలో ఎవరూ ఆయన మీద అలా అరిచి ఉండరు. ఆయన ఏమీ అనుకోలేదు. పక్కకు జరిగి, అయితే నువ్వే దగ్గరికి రామ్మా అన్నాడు.

మంచం పట్టెను పట్టుకుని వంగి, నా ముఖం ఆయన ముఖానికి జానెడు దూరంలో పెట్టాను. ఆ కన్ను నా నుదుటి మీద ఆగింది. అక్కడినుంచి మెల్లగా పక్కకు జరిగింది. పందొమ్మిదేళ్ళు ఒకే బల్లకు ఎదురెదురుగా కూర్చున్నాం. ఆయన చూపెప్పుడూ అచ్చుకాగితం మీదే. నాకు జలుబు చేస్తే గొంతునుబట్టి నాకన్నా ముందు ఆయనే పసిగట్టేవాడు, కానీ తలెత్తి నా ముఖం చూసినట్టు నాకు గుర్తులేదు.

"ఎప్పుడు నెరిసిందే నీ జుట్టు ఇంతగా?" అన్నాడు.

"నువ్వు ప్రూఫులు చూస్తున్నప్పుడు నాన్నా" అన్నాను. కోపంగానే అందామనుకున్నాను. కన్నీళ్ళు ఆయన చెంప మీద పడ్డాయి. పెద్ద నర్సు గబగబా దూదితో తుడిచి, ఇవాళ్టికి చాలు, మళ్ళీ కట్టు వెయ్యాలంది.

"ఉండమ్మా. కూతుర్ని ఇంకా పూర్తిగా చూడలేదు" అన్నాడు నాన్న.

డాక్టరు ఆవిడను ఆగమని సైగ చేశాడు. నాకు నడుం పీకేస్తోంది, మంచం పట్టె పక్కటెముకల్లో గుచ్చుకుంటోంది. అయినా ఆయన చాలనేదాకా నేను లేవలేదు.